ఒక ఊట, ముగ్గురు రసాయనజ్ఞులు

స్వీడను దేశపు దక్షిణ భాగంలో వెట్టెర్న్ అనే మహాసరస్సు కలదు. దాని తూర్పు తీరానికి కొద్ది దూరంలో, చెట్ల నడుమ, మెడెవి అనే చిన్న పల్లె ఉన్నది. ఆ పల్లెలో ఒక ఊట. చూచుటకు అందులో విశేషమేమీ లేదు. నీరు చల్లనిది. నోట పోసుకుంటే ఇనుము రుచి తగులుతుంది. గిన్నెలో పోసి కొంతసేపు ఉంచితే అడుగున ఎర్రమట్టి వంటి మడ్డి దిగుతుంది. ఇటువంటి నీటి కోసం రెండు వందల ఏండ్లకు పైగా రాణులు, సేనానులు, మతగురువులు, వర్తకులు, వారితోపాటు నిరుపేదలు కూడ ప్రతి వేసవిలోను ఆ పల్లెకు తరలివచ్చినారు. స్కాండినేవియా దేశాలలో మొట్టమొదటి ఆరోగ్యజల క్షేత్రం అదే. అది వెలసినది 1678లో.

ఆ క్షేత్రం కథను ఈనాడు మీకు వినిపించుటకు ఒక కారణం ఉన్నది. రోగం కుదుర్చుతామని చెప్పుకొనే స్థలాలు లోకంలో వేలకు వేలు. తమ నీటిలో ఏమున్నదో తేల్చి చెప్పండని శాస్త్రజ్ఞుల చేతికి ఇచ్చిన స్థలాలు మాత్రం అరుదు. మెడెవి ఆ అరుదైన వాటిలో ఒకటి. స్వీడను దేశపు రసాయనశాస్త్ర చరిత్రలో మూడు పెద్ద పేర్లు ఈ ఒక్క ఊటతో ముడిపడి ఉన్నవి. ఆ ముగ్గురి కథ చెబితే ఊట కథ చెప్పినట్లే.

మొదటివారు ఉర్బన్ యార్నె. 1641లో జన్మించిన ఈయన కవి, నాటకకర్త, వైద్యుడు, రసాయనజ్ఞుడు. యౌవనంలో ఇంగ్లండు, ఫ్రాన్సు దేశాలు తిరిగినారు. లండనులో రాయల్ సొసైటీ సభ్యత్వం పొందినారు. పారిస్ నగరంలో రసాయనవిద్య అభ్యసించి స్వదేశానికి చేరుకున్నారు. అప్పటికి స్వీడనులో మంత్రగత్తెల భయం ప్రబలి ఉన్నది. పసిపిల్లల సాక్ష్యాన్ని పట్టుకొని నిరపరాధులైన స్త్రీలకు మరణదండన విధిస్తున్న కాలమది. 1676లో స్టాక్‌హోం నగరంలో ఈ నేరాలను విచారించిన సంఘంలో యార్నె ఒక సభ్యులు. పిల్లల మాటలను శంకించి, గట్టిగా ప్రశ్నించవలెనన్నవారిలో ఆయన ఒకరు. అట్లు ప్రశ్నించగా తాము చెప్పినవన్నీ కల్పనలని ఆ పిల్లలే ఒప్పుకున్నారు. రాజధానిలో ఆ ఘోరం అంతటితో ఆగిపోయినది. నలుగురూ నమ్మినంత మాత్రాన ఒక విషయం నిజం కాదని, పరీక్షకు నిలిచినదే నిజమని తెలిసిన మనిషి ఆయన. ఇది జరిగిన రెండేండ్లకు ఆయనే మెడెవి ఊట పక్కన నిలబడినారు.

ఆ రోజులలో ఐరోపాలోని సంపన్నులకు ఊటనీటి సేవనం ఒక పెద్ద వేడుక. జర్మనీలో పిర్మోంట్, నేటి బెల్జియంలో స్పా ప్రసిద్ధి కెక్కిన స్థలాలు. ఈ రెండవ ఊరి పేరే తరువాత అటువంటి క్షేత్రాలన్నింటికీ సామాన్యనామమైనది. స్వీడను ప్రభువులు కూడ ఆ దూరదేశాలకు పోయి, నీరు తాగి, ధనం ఖర్చుపెట్టి తిరిగి వచ్చేవారు. అటువంటి నీరు మన భూమిలోనే ఉంటే ఇంత ప్రయాసమెందుకు అన్న ఆలోచన యార్నెకు కలిగినది. గుస్తావ్ సూప్ అనే రాజసభాసదుడు ఆయనకు అండగా నిలిచినాడు. ఆ చుట్టుపట్ల జనం అంతకుముందే ఆ ఊటను మహిమ గలదిగా ఎంచుకునేవారు. సన్యాసిని బిర్గిట్టా పేరుతో వెలసిన వాడ్‌స్టెనా మఠం కూడ అక్కడికి దూరం కాదు. అయితే యార్నె మహిమ అన్న మాటతో తృప్తిపడలేదు. నీటిని పరీక్షించినారు.

ఆనాటి వైద్యులకు తెలిసిన పరీక్ష ఒకటి మనకు కూడ పరాయిది కాదు. నీటిలో ఇనుము ఉన్నదో లేదో తెలుసుకొనుటకు అందులో మాచికాయ కషాయం చుక్కలు వేసేవారు. ఇనుము ఉంటే నీరు ఊదారంగుకు తిరిగి నల్లబడుతుంది. మన పెద్దలు కరక్కాయ కషాయంలో అన్నభేది కలిపి సిరా తయారుచేసుకొన్నారు కదా! సూత్రం అదే. కాయలోని వగరు, అన్నభేదిలోని ఇనుము కలిసి నలుపవుతవి. మన ఇంట సిరాబుడ్డిలో జరిగిన పనే అక్కడ గాజు పాత్రలో జరిగినది. మెడెవి నీటిలో ఇనుము ఉన్నదని తేలినది. యార్నె ఈ ఊటను గురించి ఒక గ్రంథం రచించి ప్రకటించినారు. రాజమాత హెడ్విగ్ ఎలియొనోరా అక్కడికి విచ్చేసిన తరువాత ఇక మెడెవికి వేరే ప్రచారం అక్కరలేకపోయినది.

ఊట చుట్టూ కొయ్య భవనాలు లేచినవి. ప్రభువులకు విడుదులు, వైద్యునికి ఇల్లు, ప్రార్థనామందిరం, నీరు తాగేవారు వాన తడవకుండ నడిచేందుకు సాలలు, నిరుపేదలకు ప్రత్యేకంగా వైద్యశాల వెలసినవి. దినచర్య కఠినమైనది. వేకువనే లేవవలెను. ప్రార్థన ముగించుకొని ఊట వద్దకు పోవలెను. ఒక గ్లాసు తాగి కొంత నడవవలెను. మరల ఒక గ్లాసు, మరల నడక. ఇట్లు వైద్యుడు చెప్పినన్ని గ్లాసులు. భోజనం మితంగా ఉండవలెను. పగటినిద్ర పనికిరాదు. బరువైన ఆలోచనలు, వ్యవహారపు చిక్కులు దరి చేరనీయరాదు. సాయంకాలం సంగీతం, సల్లాపం. రాత్రి పెందలకడనే శయనం. ఇట్లు కొన్ని వారాలు గడపవలెను.

నీటిని సీసాలలో పట్టి ఇంటికి పంపించుకోకూడదా అని మీకు సందేహం కలుగవచ్చును. అక్కడే ఉన్నది చిక్కు. ఆ నీటిలో ఇనుము కరిగి ఉండుటకు కారణం అందులోని బొగ్గుపులుసు వాయువు. నీరు భూమిలోనుండి పైకి వచ్చి గాలి సోకగానే ఆ వాయువు కొంత ఎగిరిపోతుంది. ఇనుము తుప్పుగా మారి అడుగుకు దిగుతుంది. దూరప్రయాణం చేసిన సీసాలో మిగిలేది మడ్డి, దాని మీద వట్టి నీరు. అందుచేత ఊటను ఇంటికి తెచ్చుకొనుటకు వీలులేదు. మనమే ఊట వద్దకు పోవలెను. ఒక విధంగా ఈ రసాయన ధర్మమే మెడెవిని ఊరుగా చేసినది.

మెడెవి దారినే అనేక ఊటలు పేరు పొందినవి. దక్షిణ తీరంలోని హెల్సింగ్‌బొర్గ్ వద్ద రామ్లోసా అనే ఊటను 1707లో డోబెలియస్ అనే వైద్యుడు ప్రారంభించినారు. రోన్నెబీ అనే మరొక ఊట కూడ ఆ కాలంలోనే వెలసినది. పందొమ్మిదవ శతాబ్దినాటికి వేసవిలో ఏదో ఒక ఊటకు పోయిరానివారు సంపన్న కుటుంబాలలో తక్కువ. వివాహసంబంధాలు అక్కడ కుదిరేవి. రాజకీయాలు అక్కడ నడిచేవి. రోగం లేనివారు కూడ రోగం పేరు చెప్పి పోయేవారన్నా అతిశయోక్తి కాదు.

ఇక రెండవవారు టోర్బెర్న్ బెర్గ్‌మన్. 1735లో పుట్టి, 1767లో ఉప్సాలా విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రాచార్యులైన మహామేధావి. శరీరం మాత్రం మొదటినుండి దుర్బలం. విశ్రాంతి యెరుగని అధ్యయనం దానిని మరింత కుంగదీసినది. విదేశాలనుండి వచ్చే ఖనిజజలాలు ఆయనకు ఔషధం. అవి ఖరీదైనవి, వచ్చేసరికి సారం కోల్పోయినవి. అప్పుడాయన రసాయనజ్ఞుడు అడుగవలసిన ప్రశ్నే అడిగినారు. ఈ నీటిలో ఉన్నవేమిటో తెలిస్తే, వాటిని మంచినీటిలో కలిపి ఇక్కడే ఎందుకు చేసుకోరాదు?

ఆయన నీటిని మరగించి ఇగిరించి, మిగిలిన లవణాలను ఒక్కొక్కటిగా వేరుచేసి తూచినారు. నీటిలోని ఆమ్లవాయువును పట్టి, దానిని సున్నపు తేటలో పోనిచ్చి, అది పాలవలె తెల్లబడుట గమనించినారు. ఆ వాయువు గుణాలను 1774లో విపులంగా వర్ణించినారు. నీటిని విశ్లేషించే పద్ధతులను గురించి 1778లో ఆయన ప్రకటించిన రచన ఐరోపా అంతటా ఆ విద్యకు పునాది అయినది. అంతకుముందే తన గదిలో కృత్రిమంగా ఖనిజజలాలను తయారుచేసి తానే తాగినారు. ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1772లో నీటిలో ఈ వాయువును ఇముడ్చు విధానం ప్రకటించినారు. 1783లో జెనీవాలో ష్వెప్ అనే ఆయన దానిని వ్యాపారంగా మార్చినాడు. నేడు మన వీధిచివర అంగడిలో గోళీని లోపలికి నొక్కితే బుస్సుమని పొంగే సోడా ఈ పరిశోధనల సంతతియే. ఒకనాడు రాజులు దూరదేశాలకు పోయి తాగిన పులుపునీటిని నేడు మనం నిమ్మరసం పిండుకొని నిలువుకాళ్ళపై తాగి పోతున్నాము.

ఊటనీటి రహస్యాన్ని ఛేదించిన ఈ మహనీయుని చివరి ప్రయాణం ఎక్కడికో తెలుసునా? మెడెవికే. 1784 వేసవిలో ఆరోగ్యం పూర్తిగా క్షీణించి ఆయన ఆ ఊట వద్దకు చేరినారు. జూలై 8వ తేదీన అక్కడే కన్నుమూసినారు. అప్పటికి ఆయనకు 50 ఏండ్లు కూడ నిండలేదు.

ఇందులో పరిహాసానికి చోటున్నదని కొందరు అనుకోవచ్చును. నీటిలో ఏమున్నదో అణువణువూ ఎరిగినవాడు, దానిని తన గదిలోనే చేసుకోగలవాడు, ఆ నీటికోసం అంత దూరం పోనేల? నాకు మాత్రం ఇది పరిహాసంగా తోచదు. ఇనుమును, వాయువును ఆయన పాత్రలో కలుపగలిగినారు. కాని పుస్తకాలు లేని ఉదయాన్ని, చెట్ల నడుమ నడకను, పని వద్దని చెప్పే వైద్యుని, తనవలెనే బాధపడుతున్న పదిమంది సాహచర్యాన్ని ఏ పాత్రలోను కలుపలేము. ఉప్సాలాలో ఆయనకు దొరకనివి అవే. అవి కూడ చివరకు ఆయనను కాపాడలేకపోయినవి. అయినా ఆయన ఆశపడినది వెర్రి ఆశ కాదు.

మూడవవారు బెర్జీలియస్. మన విద్యార్థులకు ఈ పేరు పరిచితమే. మూలకాలకు అక్షరాలతో సంకేతాలిచ్చే నేటి పద్ధతి ఆయన చలువే. సెలీనియం వంటి మూలకాలను కనుగొన్నారు. ఉత్ప్రేరణమనే భావాన్ని శాస్త్రంలో ప్రవేశపెట్టినారు. 1779లో మెడెవి ఉన్న ఓస్టర్‌యోట్లాండ్ మండలంలోనే పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకొని, బంధువుల ఇండ్లలో పెరిగి, కష్టపడి ఉప్సాలాలో వైద్యవిద్య చదువుకొన్నారు. 1800 వేసవిలో, ఇంకా విద్యార్థిగా ఉన్నప్పుడే, మెడెవి వైద్యులైన స్వెన్ హెడీన్ వద్ద సహాయకునిగా చేరినారు. అక్కడ ఆ నీటిని కొత్తగా విశ్లేషించినారు. ఆ విశ్లేషణయే ఆయన విద్వత్ప్రపంచానికి సమర్పించిన మొదటి పని. ఆధునిక రసాయనశాస్త్ర నిర్మాతలలో ఒకరైన మనిషి తన చేతిని మొట్టమొదట సాధన చేసుకొన్నది ఈ పల్లె ఊట మీద.

ఆ సంవత్సరమే ఇటలీలో వోల్టా విద్యుత్ఘటం వార్త లోకానికి తెలిసినది. బెర్జీలియస్ రాగి, తుత్తునాగం బిళ్ళలతో తానొకటి తయారుచేసుకొన్నారు. విద్యుత్తు రోగాలను కుదుర్చుతుందని ఆనాడు పెద్ద గాలి వీచినది. ఆయన రోగులపై దానిని ప్రయోగించి చూచినారు. స్పష్టమైన ప్రయోజనమేదీ కనిపించలేదు. కనిపించలేదనే తన వైద్యపట్టపు వ్యాసంలో వ్రాసినారు. పట్టానికి నిలబడిన యువకుడు కొత్త వింతను పొగడి మెప్పు పొందుట సులభం. లేనిదానిని లేదని వ్రాయుట కష్టం. తరువాత ఆయన ఒక వైద్యునితో కలిసి కృత్రిమ ఖనిజజలాల వ్యాపారానికి కూడ దిగినారు. అది నష్టపోయినది. ఆ అప్పు తీర్చుటకు ఆయనకు ఎన్నో ఏండ్లు పట్టినది. నీటిని విశ్లేషించుట ఒక విద్య. అమ్ముట మరొక విద్య!

ఇట్లు ముగ్గురు ఒకరి వెనుక ఒకరుగా పరీక్షించిన పిమ్మట మెడెవి నీటిలో మిగిలిన మహిమ ఎంత? కొంత నిశ్చయంగా ఉన్నది. రక్తంలో ఇనుము తక్కువై పాలిపోయిన ముఖంతో, ఆయాసంతో వచ్చిన యువతులకు ఆ నీరు మేలు చేసి ఉండవలెను. మన ఆయుర్వేద వైద్యులు పాండురోగానికి మండూర భస్మం, లోహ భస్మం ఇచ్చుటలోని భావం కూడ ఇదే. కాని ఇనుమే ఔషధమని తెలిసిన తరువాత ఊట ఎందుకు? ఫ్రాన్సులో బ్లో అనే వైద్యుడు 1832లో ఇనుముతో మాత్రలు చేసి పాండురోగులకు ఇచ్చి ఫలితం చూపినాడు. కొన్ని వారాల ప్రయాణం, బస, ఖర్చు చేయవలసిన పనిని ఒక చిన్న మాత్ర చేయసాగినది. ఆ పైన రైళ్ళు వచ్చి సంపన్నులను సముద్రతీరాలకు, ఆల్ప్సు పర్వతాలకు తీసుకొనిపోయినవి. సూక్ష్మజీవుల సిద్ధాంతం రోగాలకు కొత్త కారణాలు చూపినది. మెడెవి మట్టిస్నానాలు మొదలైన కొత్త చికిత్సలను చేర్చుకొని కాలంతో నడువజూచినది. కాని ఇరవయ్యవ శతాబ్దంలో మహాయుద్ధాలు, కొత్త ఔషధాలు వచ్చిన తరువాత ఊటనీటి యుగం ముగిసిపోయినది. రామ్లోసాలో 1973లో ఆరోగ్యక్షేత్రం మూతపడినది. అయినా ఆ పేరుగల సీసానీరు నేటికీ స్వీడనులో ప్రతి భోజనపు బల్ల మీద కనిపిస్తుంది.

మరి నడక, విశ్రాంతి, మంచి గాలి మాట ఏమిటి? వాటికైనా పరీక్ష అక్కరలేదా? అక్కరే. ఇందుకు మన సీమలోనే ఒక సాక్ష్యం ఉన్నది. మదనపల్లె సమీపాన ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగులకు ఆరోగ్యశాల వెలసినది. దానిని తొలినాళ్ళనుండి నడిపినవారు డెన్మార్కు దేశస్థులైన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్-మోలర్. క్షయకు మందు లేని ఆ కాలంలో గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. అక్కడికి చేరిన కుటుంబాలు ఎన్ని ఆశలతో చేరినవో ఊహించవచ్చును. స్ట్రెప్టోమైసిన్ మొదలైన మందులు వచ్చిన తరువాత, మందు ఇస్తూ ఇంట ఉంచిన రోగికీ, మందు ఇస్తూ ఆరోగ్యశాలలో ఉంచిన రోగికీ భేదమెంత అని మద్రాసులో పరీక్షించినారు. 1959లో ఫలితం ప్రకటితమైనది. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో ఉన్నవారు కూడ మందు క్రమంగా వాడితే ఆరోగ్యశాలలోని వారితో సమానంగానే కోలుకున్నారు. పడకలు దొరకని లక్షలాది పేదలకు అది ప్రాణం పోసిన ఫలితం. విశ్రాంతిని మనమెంత ప్రేమించినా, క్షయను కుదిర్చినది మందే అని ఆ పరీక్ష తేల్చినది.

కాబట్టి మెడెవి చెప్పే పాఠం నీరు గొప్పదనీ కాదు, నీరు వట్టిదనీ కాదు. ఏ రోగానికి ఏది పనిచేసినదో నమ్మకంతో గాక పరీక్షతో తెలుసుకోవలెను. పాండురోగానికి ఇనుము పనిచేసినది. అలసిన మనస్సుకు వేకువ నడక పనిచేసినది. చాలా రోగాలకు రెండూ పనిచేయలేదు. ఆ మూడింటినీ వేరుచేసి చెప్పగలిగిన నాడు ఊట చిన్నబోలేదు. దాని చుట్టూ కమ్ముకొన్న పొగ తొలగినది, అంతే. పరీక్షకు వెరచి తలుపులు మూసుకొని ఉంటే ఆ ఊటకు బహుశా మరి కొంతకాలం పేరు నిలిచి ఉండును. ఇంతటి చరిత్ర మాత్రం మిగిలి ఉండేది కాదు.

మెడెవిలో ఆ పాత కొయ్య భవనాలు నేటికీ నిలిచి ఉన్నవి. వేసవిలో అతిథులు వస్తారు. ఇనుపరుచి నీటిని ఒక గుక్క తాగి మొగం చిట్లిస్తారు. సాయంకాలం జావ తాగి ముగించిన పిమ్మట చిన్న వాద్యబృందం ముందు నడుస్తుంది. అతిథులు, వృద్ధులూ పిల్లలూ కూడ, ఒకరి వెనుక ఒకరు వరుసగా ఆ వాద్యం వెంట తోటలో మెల్లగా అడుగులు వేస్తూ సాగుతారు. పందొమ్మిదవ శతాబ్దినుండి వస్తున్న ఈ ఆచారానికి వారు పెట్టుకొన్న పేరును మన భాషలో జావనడక అనవచ్చును. రోగం కుదురుతుందని ఇప్పుడు అక్కడ ఎవ్వరూ చెప్పరు. అయినా ఆ సాయంకాలపు నడక తరువాత వారికి మంచి నిద్ర పడుతుంది. దానికి విశ్లేషణ అక్కరలేదు.